ఆల్గాల్ 60: ఒక ప్రోగ్రామింగ్ భాష, దాని వారసత్వం

ఈ భాగం చదివిన తరువాత మీరు
• ఆల్గాల్ 60 ఏ అవసరం నుంచి పుట్టిందో వివరించగలుగుతారు.
• తరవాతి పరిశోధనపై దాని ప్రభావాన్ని ఆధారాలతో చర్చించగలుగుతారు.

1.1 పరిచయం

ఒక ప్రోగ్రామింగ్ భాష ప్రాముఖ్యాన్ని ఎలా కొలవాలి? ఎంతమంది వాడారన్నదే కొలమానమైతే, ఆల్గాల్ 60కి చరిత్రలో పెద్ద స్థానం దక్కదు. అమెరికా పరిశ్రమలో 1957లో ఐబీఎం విడుదల చేసిన ఫోర్ట్రాన్‌దే పైచేయి. పైగా, సమాచారాన్ని లోపలికి తీసుకునే, ఫలితాన్ని ముద్రించే ఆదేశాలను ఆల్గాల్ 60 నివేదిక నిర్వచించనే లేదు. అయినా నేడు మీరు నేర్చుకునే భాషలలో చాలావాటి మూలాలు అందులో ఉన్నాయి. దీనికి కారణమేమిటో పరిశీలిద్దాం.

1.2 నేపథ్యం

1950వ దశకంలో ఒక యంత్రానికి రాసిన ప్రోగ్రాం మరొక యంత్రంపై సాధారణంగా పనిచేసేది కాదు. అందువల్ల అమెరికా, యూరప్ శాస్త్రవేత్తలు 1958లో జూరిచ్‌లో సమావేశమై, ఏ యంత్రానికీ కట్టుబడని ఉమ్మడి భాషకు రూపకల్పన చేశారు. 1960 జనవరిలో ప్యారిస్‌లో 13 మంది దానిని సంస్కరించారు. పీటర్ నౌర్ సంపాదకత్వంలో నివేదిక అదే ఏడాది మే నెలలో వెలువడింది.

1.3 భాషకు వ్యాకరణం

ఈ నివేదికలో భాష నిర్మాణాన్ని జాన్ బ్యాకస్ ప్రతిపాదించిన సూత్రాల పద్ధతిలో రాశారు. ఉదాహరణకు, 'సంఖ్య అంటే ఒక అంకె. లేదా ఒక సంఖ్య పక్కన మరొక అంకె' అనుకోండి. ఈ ఒక్క సూత్రంతో 7, 75, 758 అన్నీ సంఖ్యలేనని తేల్చవచ్చు. ఈ పద్ధతికే తరువాత బ్యాకస్-నౌర్ రూపం అనే పేరు స్థిరపడింది. దీనివల్ల భాషే ఒక అధ్యయన వస్తువైంది.

1.4 అమలులో ఎదురైన ప్రశ్నలు

ఆల్గాల్ 60లో ఒక ప్రొసీజర్ తనను తానే పిలుచుకోవచ్చు. దీనినే రికర్షన్ అంటాం. దీనిని యంత్రంపై ఎలా నడపాలి? ఆమ్‌స్టర్‌డామ్‌లో డైక్‌స్ట్రా, జోనెవెల్డ్ 1960లోనే స్టాక్ సాయంతో కంపైలర్ నిర్మించి చూపారు. టోనీ హోర్ తన క్విక్‌సార్ట్ పద్ధతిని తేటగా రాయడానికి తోడ్పడింది కూడా ఆల్గాల్‌లోని రికర్షనే.

నివేదికలోని లోటు కూడా పరిశోధనకు దారితీసింది. నిర్మాణానికి సూత్రాలున్నాయి గాని, అర్థాన్ని మామూలు ఇంగ్లీషు వాక్యాలలోనే చెప్పారు. కొన్నిచోట్ల సందిగ్ధత మిగిలింది. 1965లో పీటర్ లాండిన్ ఆల్గాల్ 60ని లాంబ్డా కలనంతో అనుసంధానించి వివరించారు. ప్రోగ్రాం అర్థాన్ని గణితంగా చెప్పే అధ్యయనానికి ఇది ముఖ్యమైన మెట్టు.

1.5 వారసులు

బిగిన్, ఎండ్ అనే మాటల మధ్య ఉండే భాగమే బ్లాక్. అందులో ప్రకటించిన చలరాశి ఆ బ్లాక్‌కే పరిమితం. సాధారణంగా పని ముగియగానే బ్లాక్‌లోని చలరాశులూ పోతాయి. అవి నిలిచి ఉంటే? నార్వేలో డాల్, నైగార్డ్ ఈ దారిలో ఆలోచించి, సిమ్యులా 67లో 'క్లాస్', 'ఆబ్జెక్ట్' భావనలను తెచ్చారు. వాటిని సి++ స్వీకరించింది. విర్త్ రూపొందించిన పాస్కల్ (1970) నేరుగా ఆల్గాల్ సంతతి. సీపీఎల్, బీసీపీఎల్, బి అనే మెట్ల మీదుగా సి భాషకూ ఈ వారసత్వం చేరింది.

1.6 పోలిక వేరు, ప్రభావం వేరు

1967లో ఇంగర్‌మన్ అనే పరిశోధకుడు, పాణిని సూత్రాలతో పోలికను చూపి, బ్యాకస్ పద్ధతికి పాణిని పేరు కూడా చేర్చాలని సూచించాడు. పోలిక నిజమే. కాని పోలిక ఉన్నంత మాత్రాన ప్రభావం ఉందనలేం. సిమ్యులా ఆల్గాల్ నుంచి వచ్చిందనడానికి దాని రూపకర్తల రచనలే సాక్ష్యం. చరిత్ర విద్యార్థిగా మీరు ఎల్లప్పుడూ ఇటువంటి జాడనే అడగాలి.

1.7 సారాంశం

ఆల్గాల్ 60 ప్రభావం వాడకం వల్ల వచ్చింది కాదు. కచ్చితంగా రాసిన నివేదిక ఇతరులకు పరిశీలించే వీలునిచ్చింది. అది తేల్చని ప్రశ్నలు వారికి పని కల్పించాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. బ్లాక్ భావన నుంచి ఆబ్జెక్ట్ భావన ఎలా రూపొందింది?
2. పోలికకు, ప్రభావానికి గల తేడాను ఉదాహరణతో వివరించండి.