మంచు మీద ఆట: శారీరక వైకల్యం గల పిల్లల శ్రేయస్సు – ఒక చారిత్రక పరిశీలన

1. పరిచయం

చరిత్ర అనగానే మీకు రాజ్యాలు, యుద్ధాలు, ఒప్పందాలు గుర్తుకు రావడం సహజం. పిల్లల ఆటలకు చరిత్ర ఏమిటని మీరు అడగవచ్చు. ఎవరు ఆడవచ్చు, ఎవరు పక్కన కూర్చుని చూడాలి అన్నది ప్రతి సమాజమూ ఏదో ఒక రూపంలో నిర్ణయిస్తూనే వచ్చింది. ఆ నిర్ణయం మారిన ప్రతిసారీ దాని వెనుక కారణాలు ఉన్నాయి. అందువల్ల అది చరిత్రకారుల పరిశీలనకు తగిన విషయమే.

ఈ వ్యాసంలో యూరప్, అమెరికాలలోని మంచు ప్రాంతాలను ఉదాహరణగా తీసుకుంటున్నాం. కాలు లేని పిల్లవాడు, నడుము కింది భాగం చచ్చుబడిన అమ్మాయి మంచు కొండ మీద నుంచి జారుతూ ఆడుకోవడం 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఎలా సాధ్యమైందో చూస్తాం. యుద్ధంలో గాయపడిన పెద్దలకు చికిత్సగా మొదలైన ఆట, పిల్లల హక్కుగా గుర్తింపు పొందడానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది. ఈ క్రమాన్ని అర్థం చేసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

2. యుద్ధానంతర నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధం లక్షలాది యువకులను వికలాంగులను చేసింది. ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944లో వెన్నెముక గాయాల విభాగాన్ని ప్రారంభించిన వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్, క్రీడను చికిత్సలో భాగం చేశాడు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన రోజునే, తన ఆసుపత్రి ఆవరణలో 16 మంది మాజీ సైనికులకు విలువిద్య పోటీ పెట్టాడు. పారాలింపిక్ ఉద్యమానికి దీన్నే నాందిగా భావిస్తారు.

మంచు దేశాలలో ఈ ఆలోచన మరో రూపం తీసుకుంది. ఆస్ట్రియాలో స్కీయింగ్ ఒక విలాసం కాదు, జనజీవితంలో భాగం. కాళ్ళు పోగొట్టుకుని ఇంటికి వచ్చిన సైనికులు మళ్ళీ కొండ ఎక్కాలనుకున్నారు. రెండు కాళ్ళూ లేని సెప్ జ్విక్‌నాగ్ల్ అనే ఆస్ట్రియన్ కృత్రిమ కాళ్ళతో స్కీయింగ్ ప్రయోగాలు చేసి ఇతరులకు దారి చూపాడు. ఒక కాలు మాత్రమే ఉన్నవారు ఊతకర్రల చివర చిన్న స్కీ ముక్కలు బిగించుకున్నారు. కాలికి ఒక స్కీ, చేతుల్లో రెండు చిన్న స్కీలు కలిసి మంచు మీద మూడు గీతలు గీస్తాయి. అందుకే ఆ పద్ధతికి ‘మూడు జాడల స్కీయింగ్’ అని పేరు వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ తొలి దశలో కనిపించేవారు దాదాపు అందరూ పెద్దలు, అందులోనూ మగవారు, మాజీ సైనికులు. దేశం కోసం గాయపడినవారి పట్ల ప్రభుత్వాలకు బాధ్యత ఉండేది. పుట్టుకతోనో, పోలియో వల్లనో వైకల్యం కలిగిన పిల్లల విషయంలో అటువంటి ఒత్తిడి లేదు. వారికి దక్కింది ఎక్కువగా శస్త్రచికిత్స, కాలిపర్లు, వ్యాయామ చికిత్స, ప్రత్యేక పాఠశాలలు. ఆట ఆ జాబితాలో చివరి అంశం.

3. 1970: పిల్లలు కొండ మీదికి వచ్చిన సంవత్సరం

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఈ పరిస్థితి మారడం మొదలైంది. 1970లో డెన్వర్ నగరంలోని పిల్లల ఆసుపత్రి, అవయవాలు కోల్పోయిన 23 మంది పిల్లలను వింటర్ పార్క్ అనే స్కీ కేంద్రానికి పంపింది. వారికి నేర్పడానికి హాల్ ఒలీరీ అనే శిక్షకుడు స్వచ్ఛందంగా ముందుకు వచ్చాడు. ఒక్కసారి జరిగే పాఠంగా అనుకున్న ఆ కార్యక్రమం ఆగలేదు. అదే తరువాతి కాలంలో వికలాంగుల జాతీయ క్రీడా కేంద్రంగా ఎదిగింది. ఒలీరీ తన బోధనానుభవాన్ని పుస్తకంగా కూడా రాశాడు.

అదే 1970లో నార్వేలోని బైటోస్టోలెన్ గ్రామంలో ఆరోగ్య క్రీడా కేంద్రం ప్రారంభమైంది. దాని వెనుక ఉన్న ఎర్లింగ్ స్టూర్డాల్ చూపులేని వ్యక్తి, గాయకుడు. 1964లోనే వికలాంగుల కోసం మంచు మీద వార్షిక స్కీ పోటీని మొదలుపెట్టిన ఆయన, ఏడాది పొడవునా శారీరక కృషి ద్వారా పునరావాసం కల్పించే స్థలం ఉండాలని కోరుకున్నాడు. నేడు అక్కడికి పెద్దలతోపాటు పిల్లలు కూడా వస్తారు.

ఈ రెండు ఉదాహరణలలోనూ ఆసుపత్రి గోడల బయట, మిగతా జనం ఆడుకునే కొండ మీదే పిల్లలకు చోటు దొరికింది. స్థలంలో వచ్చిన ఈ మార్పు చిన్నది కాదు. ఆసుపత్రిలో ఉన్నంతసేపు పిల్లవాడు రోగి. కొండ మీద అతడు స్కీయింగ్ నేర్చుకుంటున్న పిల్లల్లో ఒకడు.

4. పరికరం మారితే ఆట మారుతుంది

1976 ఫిబ్రవరిలో స్వీడన్‌లోని ఓర్న్‌షోల్డ్స్‌విక్ పట్టణంలో మొదటి శీతాకాల పారాలింపిక్ క్రీడలు జరిగాయి. 16 దేశాలు పాల్గొన్నాయి. స్కీయింగ్ పోటీలు అవయవాలు కోల్పోయినవారికి, చూపు లేనివారికి మాత్రమే పరిమితం. వెన్నెముక దెబ్బతిన్నవారికి, నిలబడలేనివారికి వాటిలో చోటు లేదు. కారణం వారి శరీరమేనని అప్పట్లో అనుకున్నారు. తరువాతి పన్నెండేళ్ళు ఆ అభిప్రాయం తప్పని నిరూపించాయి.

కూర్చుని జారే ‘సిట్ స్కీ’ 1970లలో, 1980లలో క్రమంగా రూపుదిద్దుకుంది. ఒక గుల్ల కుర్చీ, దాని కింద అదురు తట్టుకునే స్ప్రింగు, ఆ కింద ఒకే స్కీ ఉంటే అది ‘మోనో స్కీ’. కింద రెండు స్కీలు ఉంటే ‘బై స్కీ’. నడుం నిలపలేని చిన్న పిల్లలకు బై స్కీ అనువైనది. వెనుక నుంచి శిక్షకుడు పట్టీతో వేగాన్ని అదుపు చేస్తాడు. మస్తిష్క పక్షవాతం ఉండి, నిలబడగలిగినా తూలిపోయే పిల్లలకు కాళ్ళకు రెండు స్కీలు, చేతులకు రెండు చిన్న స్కీలు ఇస్తారు. ఇది ‘నాలుగు జాడల’ పద్ధతి. 1988లో ఇన్స్‌బ్రుక్‌లో జరిగిన శీతాకాల పారాలింపిక్స్‌లో కూర్చుని ఆడే స్కీ పోటీలకు చోటు దక్కింది. స్వీడన్‌లోని ఒక పునరావాస కేంద్రంలో 1960లలో పుట్టిన స్లెడ్జి హాకీ 1994లో నార్వేలోని లిల్లెహామర్ క్రీడల్లో చేరింది.

1976కూ 1988కీ మధ్య ఆ శరీరాలు మారలేదు. పరికరం మారింది, నియమం మారింది. దాదాపు ఇదే కాలంలో బ్రిటన్‌లోని వికలాంగ ఉద్యమకారులు ఒక వాదం ముందుకు తెచ్చారు. శరీరంలోని లోపం వేరు, సమాజం సృష్టించే అడ్డంకి వేరు అన్నదే ఆ వాదం. 1983లో మైక్ ఆలివర్ దీనికి ‘సామాజిక నమూనా’ అని పేరు పెట్టాడు. సిట్ స్కీ చరిత్ర ఈ సిద్ధాంతానికి మీరు పరీక్షలో రాయదగిన చక్కని ఉదాహరణ.

5. శ్రేయస్సు అంటే ఏమిటి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి 1946లోనే, ఆరోగ్యమంటే జబ్బు లేకపోవడం మాత్రమే కాదని, శారీరక, మానసిక, సామాజిక శ్రేయస్సు అని నిర్వచించింది. 2001లో అదే సంస్థ ఆమోదించిన వర్గీకరణ ‘భాగస్వామ్యం’ అనే అంశాన్ని ఆరోగ్య చర్చ మధ్యకు తెచ్చింది. 2007లో పిల్లల కోసం ప్రత్యేక ప్రతి వెలువడింది. అంటే పిల్లవాడు ఎన్ని అడుగులు వేయగలడు అన్న ప్రశ్నతోపాటు, తోటివారితో కలిసి ఏం చేయగలుగుతున్నాడు అన్న ప్రశ్న కూడా అడగాలి.

మంచు వాలు ఈ రెండో ప్రశ్నకు ప్రత్యేకమైన జవాబు ఇస్తుంది. చదును నేల మీద చక్రాల కుర్చీలోని పిల్లవాడు తన అన్నకంటే నెమ్మదిగా కదలవచ్చు. వాలు మీద ఆ లాగే పని భూమ్యాకర్షణ చేస్తుంది. అక్కడ వేగం కాళ్ళ బలాన్ని బట్టి ఉండదు. నడుం, భుజాలు, తూకం, చూపు ముఖ్యమవుతాయి. ఎప్పుడూ ఎవరో ఒకరు తోస్తే కదిలే పిల్లవాడికి, తన దారి తానే ఎంచుకుని మలుపు తిరగడం కొత్త అనుభవం. పడటం, లేవడం కూడా అందులో భాగమే. అతిగా కాపాడే పెద్దల మధ్య పెరిగే పిల్లలకు ఆ చిన్న ప్రమాదం కూడా దొరకదు.

అయితే జాగ్రత్తలు అవసరం. కాళ్ళలో స్పర్శ లేని పిల్లవాడికి చలి తెలియదు. వేళ్ళు గడ్డకట్టినా నొప్పి రాదు. కుర్చీ ఒరిపిడికి పుండు పడినా గుర్తించలేడు. అందుకే మంచి శిక్షకులు మధ్యమధ్యలో ఆపి చర్మాన్ని చూస్తారు.

6. ఆధారాలను ఎలా చదవాలి?

చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ ఆగి ప్రశ్నించాలి. ఈ ఆటల వల్ల పిల్లల్లో ఆత్మవిశ్వాసం, స్నేహాలు పెరిగాయని తల్లిదండ్రులు, శిక్షకులు, పరిశోధకులు రాశారు. కాని ఈ అధ్యయనాలలో చాలావరకు కొద్దిమంది పిల్లలతో, కొద్ది రోజుల పాటు చేసినవి. పైగా కొండ దాకా రాగలిగిన కుటుంబాలే వాటిలో కనిపిస్తాయి. పరికరం, ప్రయాణం, బస ఖర్చు భరించలేనివారి పిల్లలు లెక్కలోకి రారు. ఇంకొక లోటు కూడా ఉంది. 1970లో కొండ ఎక్కిన ఆ 23 మంది గురించి మనకు ప్రధానంగా తెలిసింది పెద్దల మాటల్లోనే. పిల్లలు రాతపూర్వక ఆధారాలు తక్కువగా వదులుతారు. వారి మౌనాన్ని సంతోషంగానో, బాధగానో మనమే పూరించకూడదు.

7. హక్కుగా ఆట

1989 నవంబరు 20న ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 23వ అధికరణంలో వైకల్యం గల పిల్లల గురించి, 31వ అధికరణంలో ఆట గురించి చెప్పింది. 2006 డిసెంబరులో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక ఈ రెండింటినీ కలిపింది. పాఠశాలతో సహా ఆటల్లో, క్రీడల్లో వైకల్యం గల పిల్లలకు మిగతా పిల్లలతో సమాన అవకాశం ఉండాలని దాని 30వ అధికరణం చెబుతుంది.

కాగితం మీది హక్కు ఆచరణలోకి ఎలా వస్తుందో చూపడానికి టాట్యానా మెక్‌ఫాడెన్ జీవితం ఉపయోగపడుతుంది. 1989లో లెనిన్‌గ్రాడ్‌లో వెన్నెముక లోపంతో పుట్టిన ఆమె అనాథాశ్రమంలో చక్రాల కుర్చీ లేక చేతుల మీద నడిచింది. తరువాత ఒక అమెరికన్ కుటుంబం ఆమెను దత్తత తీసుకుంది. మేరీలాండ్ రాష్ట్రంలో ఉన్నత పాఠశాలలో చదువుతూ, తోటి విద్యార్థులతో పాటే ట్రాక్ మీద పరుగు పోటీలో ఉండనివ్వాలని ఆమె న్యాయస్థానానికి వెళ్ళింది. 2006లో ఆమెకు అనుకూలంగా ఆదేశం వచ్చింది. 2008లో ఆ రాష్ట్రం వైకల్యం గల విద్యార్థుల క్రీడావకాశాలపై చట్టం చేసింది. 2014లో రష్యాలోని సోచీలో జరిగిన శీతాకాల పారాలింపిక్స్‌లో, తాను పుట్టిన దేశంలోనే, ఆమె సిట్ స్కీ మీద రజత పతకం గెలిచింది. పతకం కంటే ముందు వచ్చిన ఆ కోర్టు ఆదేశం పతకం గెలవని పిల్లలకు కూడా ఉపయోగపడింది.

8. మన సందర్భం

మన తెలుగు ప్రాంతాల్లో మంచు కురవదు. అయినా ఈ పాఠం మనకు దూరం కాదు. ఆటల పీరియడ్‌లో కాలిపర్ వేసుకున్న పిల్లవాడిని సంచులకు కాపలా కూర్చోబెట్టడం, స్కోరు రాయమనడం మీలో చాలామంది చూసి ఉంటారు. భారతదేశం 2007లో వికలాంగుల హక్కుల ఒడంబడికను ధ్రువీకరించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 30వ సెక్షన్ క్రీడల్లో వారి భాగస్వామ్యానికి చర్యలు తీసుకోవాలని ప్రభుత్వాలను ఆదేశిస్తుంది. మీలో కొందరు ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, తల్లిదండ్రులు. సిట్ స్కీ కొనాల్సిన అవసరం మీకు లేదు. వాలీబాల్ వల దించి, అందరినీ నేల మీద కూర్చోబెట్టి ఆడిస్తే చాలు; సిట్టింగ్ వాలీబాల్ అనే ఆట అలాగే ఆడతారు. వచ్చే వారం మీ ఊరి బడిలో ఆటల పీరియడ్ చూడండి. ఎవరు ఆడుతున్నారో, ఎవరు కూర్చున్నారో రాసుకోండి. అది కూడా చారిత్రక ఆధారమే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. యుద్ధానంతర క్రీడా కార్యక్రమాలలో పిల్లలు మొదట ఎందుకు కనిపించలేదు?
2. 1976, 1988 శీతాకాల పారాలింపిక్స్‌ల మధ్య వచ్చిన మార్పును సామాజిక నమూనా ఆధారంగా వివరించండి.
3. పిల్లల శ్రేయస్సుపై అధ్యయనాలను చదివేటప్పుడు చరిత్ర విద్యార్థి పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?
4. మీ ప్రాంతంలోని ఒక ఆటను, నడవలేని పిల్లలు కూడా ఆడేలా ఏ నియమం మార్చి ఆడించవచ్చో 10 వాక్యాలలో రాయండి.