గుత్తిలో మొలిచిన లెక్కల పత్రిక

1906లో గుత్తి డిప్యూటీ కలెక్టరు వి. రామస్వామి అయ్యర్. చూసేది రెవెన్యూ ఉద్యోగమే అయినా ప్రాణమంతా గణితం మీద. విదేశీ గణిత పత్రికలు, కొత్త పుస్తకాలు మనవాళ్లకు దొరకడం లేదన్నది ఆయన బాధ. తలా కొంత చందా వేసుకుని తెప్పించుకుందామని డిసెంబరు 25న గుత్తి నుంచి ఉత్తరం రాశారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఇరవై మందితో ఎనలిటిక్ క్లబ్ ఏర్పడింది. తర్వాత అదే ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ అయింది. గ్రంథాలయం పుణె ఫెర్గుసన్ కాలేజీలో పెట్టారు. చదువుకోవడానికి పుట్టిన సంఘం 1909కల్లా సొంత పత్రిక వేసింది.

తొలినాళ్ల సంచికల్లో వ్యాసాల కన్నా ప్రశ్నల శీర్షికే రుచి. ఒకరు లెక్క ఇస్తారు, తేల్చగలిగినవాళ్లు జవాబు పంపుతారు. 1911లో రామానుజన్ ఇచ్చిన లెక్క ఇది: √(1+2√(1+3√(1+4√…))) విలువ ఎంత? నెలలు గడిచినా జవాబు రాలేదు. చివరికి తనే చెప్పాడు, 3 అని. 3 అంటే √9. ఆ 9ని 1+2×4గా రాస్తే, 4 అంటే √16. ఆ 16 అంటే 1+3×5, ఆ 5 అంటే √25. అలా దిగుతూ పోవడమే. తెలిశాక ఇంతేనా అనిపిస్తుంది, తెలిసేదాకానే కష్టం.

బెర్నూలీ సంఖ్యల మీద అతని తొలి పరిశోధన వ్యాసం కూడా ఆ ఏడే ఇక్కడ అచ్చయింది. ఆ రాతలోని పొదుపూ కొత్తదనమూ మామూలు పాఠకుడికి కొరుకుడు పడవని సంపాదకుడు నారాయణ అయ్యంగారే అన్నారు. అయినా అచ్చువేశారు. సంపాదకత్వమంటే నా లెక్కలో అదీ.

1933లో ‘మ్యాథమెటిక్స్ స్టూడెంట్’ అనే తోడు పత్రిక వచ్చింది. పాత పత్రిక పరిశోధనకే మిగిలింది.

1956 ఫిబ్రవరిలో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో జీటా ప్రమేయాల మీద అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఆ సదస్సు వ్యాసాలతో అదే ఏడాది వచ్చిన పాత పత్రిక ఇరవయ్యో సంపుటంలో నార్వే గణితవేత్త అట్లే సెల్బర్గ్ వ్యాసం వచ్చింది, నలభై ఒక్క పేజీలు. వంపు తలం మీద తిరిగి మొదటికే చేరే దారుల పొడవులకూ, ఆ తలం కంపించే స్థాయిలకూ లంకె వేసే ‘ట్రేస్ ఫార్ములా’ అందులోది. పత్రికల పలుకుబడిని ఇప్పుడు ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో తూస్తున్నారు. గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాలను ఒక ఏడాదిలో సగటున ఎన్నిసార్లు ఉదహరించారన్నదే దాని లెక్క. సెల్బర్గ్ వ్యాసం బరువు ఆ రెండేళ్ల తూకానికి అందేది కాదు: గణితవేత్తలు జాకే, లాంగ్లాండ్స్ ఈ ఫార్ములాను పనిముట్టు చేసుకుని రాసిన గ్రంథం వెలువడింది పద్నాలుగేళ్ల తర్వాత, 1970లో.