వకీలు నడవడిపై ఎదుటి పక్షం మొర: 'వ్యవహార ధర్మబోధిని' నుండి నేటి విడాకుల వ్యాజ్యాల దాకా

కందుకూరి వీరేశలింగం రచించగా 1880లో రాజమహేంద్రవరంలో ప్రదర్శితమైన 'వ్యవహార ధర్మబోధిని'ని మనం ప్రధానంగా భాష కోసం, నాటక చరిత్ర కోసం చదువుతాము. ప్లీడర్ల అక్రమాలను ఆ రచన ఎండగట్టింది. అయితే ఎదుటి పక్షపు ప్లీడరు వల్ల అన్యాయం జరిగిందనుకున్న గోదావరి మండలపు కక్షిదారు ఆనాడు ఎవరితో మొర పెట్టుకోవాలి?

మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైన 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టంలో దీనికి సమాధానం ఉంది. ప్లీడరు వృత్తి నిర్వహణలో మోసానికి గాని, మిక్కిలి అనుచిత ప్రవర్తనకు గాని పాల్పడ్డాడన్న ఆరోపణను 13, 14 సెక్షన్ల కింద అతడు వాదించే కింది కోర్టే విచారించి హైకోర్టుకు నివేదించేది. ముమ్మిడివరం ప్రాంతపు కక్షిదారుకు తుది మాట మద్రాసులోనే. అధికారం కోర్టుది, వృత్తి సంఘానిది కాదు.

దాంపత్య కలహం ఈ చట్రంలోకి ఆలస్యంగా వచ్చింది. హిందువులకు విడాకులు 1955 చట్టంతోనే లభించాయన్న భావన బలంగా ఉంది. కోనసీమ విషయంలో అది సరికాదు. కొన్ని కులాల ఆచారం మాట అటుంచితే, 1949 నాటి మద్రాసు హిందూ ద్విభార్యాత్వ నిరోధక, విడాకుల చట్టమే ఇక్కడ ఆ దారి తెరిచింది.

1961 నాటి అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ క్రమశిక్షణాధికారాన్ని బార్ కౌన్సిళ్లకు అప్పగించింది. ఒక పక్షానికి సలహా ఇచ్చిన న్యాయవాది అదే వ్యవహారంలో ఎదుటి పక్షాన నిలబడరాదు. న్యాయవాది ఉన్న కక్షిదారుతో ఎదుటి న్యాయవాది నేరుగా రాజీ మాట్లాడరాదు. ఇవి బార్ కౌన్సిల్ నియమాలు. చిన్న ఊళ్లలో మొదటి నియమానికి విలువ ఎక్కువ. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి రాజీపత్రం రాసిన వకీలే తరువాత భర్త పక్షాన విడాకుల వ్యాజ్యం నడిపితే భార్యకు స్పష్టమైన అభ్యంతరం ఉంటుంది. ఆ వకీలు ఒకప్పుడు వారి పొలం కాగితాలు మాత్రమే చూసి ఉంటే ఈ నియమం నేరుగా వర్తించదు. అయినా ఆనాడు వృత్తిరీత్యా విన్న రహస్యాలను బయటపెట్టరాదన్న సాక్ష్య చట్టపు నిషేధం వకాల్తా ముగిసినా కొనసాగుతుంది. కటువుగా అడ్డుప్రశ్నలు వేయడం మాత్రం దుష్ప్రవర్తన కాదు. ఈ తేడా గమనించని ఫిర్యాదులు నిలవవు.

2025 సెప్టెంబరులో మహారాష్ట్ర, గోవా బార్ కౌన్సిల్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ దారిని ఇరుకు చేసింది. వృత్తిపరమైన దుష్ప్రవర్తన ఫిర్యాదుకు సాధారణంగా ఫిర్యాదుదారుకూ ఆ న్యాయవాదికీ నడుమ వృత్తి సంబంధం ఉండాలన్నది. 'సాధారణంగా' అన్న మాటలో ఎంత చోటు మిగిలిందో మునుముందు తీర్పులు తేల్చాలి. నా దృష్టిలో ఇది ఎదుటి పక్షాన్ని తిరిగి 1879 నాటి గుమ్మం వద్దకే, అంటే వ్యాజ్యం విచారిస్తున్న కోర్టు వద్దకే, పంపుతోంది. రాజీపత్రం రాయించుకున్న భార్య ఒకనాడు ఆ వకీలుకు కక్షిదారే గనుక, ఆమెకు మాత్రం బార్ కౌన్సిల్ తలుపు మూసుకుపోలేదు.