మూడు రోజుల నిబంధన

నర్సింగ్ హోమ్ అనగానే మన పట్టణాలలోని చిన్న ప్రైవేటు ఆసుపత్రి మీకు స్ఫురిస్తుంది. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. సొంతంగా లేవలేని వృద్ధులు ఏళ్ల తరబడి నివసించేదీ, ఆసుపత్రి నుంచి వచ్చిన రోగులు కొన్ని వారాలపాటు కోలుకొనేదీ అక్కడే. కోలుకొనేవారికి మెడికేర్ గరిష్ఠంగా 100 రోజుల వరకు చెల్లిస్తుంది. శాశ్వతంగా ఉండిపోయే పేదల వ్యయాన్ని మెడికెయిడ్ భరిస్తుంది. మొదటిది ఉదారంగా ఇస్తుంది, రెండవది పొదుపుగా. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలి.

1965లో మెడికేర్ చట్టం వచ్చినప్పుడే ఒక షరతు విధించారు. రోగి వరుసగా 3 రోజులు ఆసుపత్రిలో ఇన్‌పేషెంటుగా ఉండి వస్తేనే నర్సింగ్ హోమ్ ఖర్చు చెల్లిస్తారు. వృద్ధుల దీర్ఘకాల పోషణ భారం ఖజానాపై పడకూడదన్నది అందులోని ఆంతర్యం. 1988 నాటి చట్టం ఈ షరతును తొలగించగా, మరుసటి ఏడాది వ్యయం అమాంతం పెరిగింది. దానికి ఇతర కారణాలూ లేకపోలేదు. ఏమైనా ఆ చట్టం రద్దయి, 1990లో షరతు యథాస్థానానికి చేరింది.

మరి 30 ఏళ్లకు, 2020 ఫిబ్రవరి చివర, సియాటిల్ సమీపాన కిర్క్‌లాండ్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో కోవిడ్ బయటపడింది. మార్చి 13న కేంద్ర అధికారులు సందర్శకులను నిషేధించారు. ఆ రోజులలోనే మూడు రోజుల నిబంధనను కూడా సడలించారు.

దీని ప్రభావాన్ని వైద్యుని దృష్టితో చూడండి. అంతకుముందు న్యుమోనియా సోకిన వృద్ధురాలిని ఆసుపత్రికి పంపి, మూడు రోజుల తరువాత తిరిగి చేర్చుకుంటే సంస్థకు మెడికేర్ రేటు లభించేది. తన మంచంమీదే చికిత్స చేస్తే లభించేది కాదు. మతిమరపు వ్యాధి ఉన్నవారికి అంబులెన్సు ప్రయాణం, కొత్త గది, కొత్త ముఖాలు ఎంతటి చిత్తభ్రమను కలిగిస్తాయో చూసినవారికే తెలుస్తుంది. సడలింపుతో ఉన్నచోటనే వైద్యం చేసి బిల్లు పెట్టే వీలు కలిగింది. అవసరం లేనివారి పేరిట కూడా బిల్లు పెట్టే వీలూ కలిగిందనుకోండి.

మరొక మార్పు యాదృచ్ఛికంగా కలిసివచ్చింది. 2019 అక్టోబరు నుంచి చెల్లింపు ఫిజియోథెరపీ నిమిషాల లెక్కన కాక, రోగి స్థితినిబట్టి జరుగుతోంది. అందువల్ల థెరపీ తగ్గినా ఆ మేరకు ఆదాయం కోతపడలేదు. కాని ఐసొలేషన్‌కు అదనపు రేటు కావాలంటే రోగి ఒంటరి గదిలో ఉండాలి. ఇద్దరు కోవిడ్ రోగులను ఒకే గదిలో ఉంచితే అది చెల్లదు. ఇద్దరేసి ఉండే గదులే ఎక్కువగా గల సంస్థలకు ఇదెంత ఇబ్బందో ఊహించవచ్చు.

సహాయకులకు 1987 చట్టం నిర్దేశించిన 75 గంటల శిక్షణను కూడా తాత్కాలికంగా సడలించారు. సిబ్బంది కొరతకు అది తప్పనిసరే కావచ్చు. అయినా పక్కమీది రోగిని ఒత్తిడి పుండ్లు పడకుండా తిప్పడం తెలియని చేతులకు అప్పగించడాన్ని నేను హర్షించలేను. 2022 ఆరంభానికి అన్ని రకాల దీర్ఘకాల సంరక్షణ సంస్థలలో నివాసులు, సిబ్బంది కలిపి 2 లక్షలకు పైగా కోవిడ్‌తో మరణించారు.

2023 మే 11న అత్యవసర స్థితి ముగిసింది. మూడు రోజుల నిబంధన తిరిగి వచ్చింది. అమెరికాలో మెడికేర్ ఉన్న పెద్దలు మీ కుటుంబంలో ఉంటే, ఆసుపత్రిలో చేరిన రోజునే ఒక ప్రశ్న అడగండి: "ఇన్‌పేషెంటుగా చేర్చుకున్నారా, అబ్జర్వేషన్‌లో ఉంచారా?" మంచం అదే, మందులూ అవే, కాని అబ్జర్వేషన్ రోజులు ఆ మూడింటి లెక్కలోకి రావు. డిశ్చార్జి రోజు కూడా రాదు. ప్రైవేటు సంస్థలు నడిపే మెడికేర్ అడ్వాంటేజ్ పథకాలలో చాలావాటికి ఈ షరతు లేదు గనుక, ఏ పథకమో ముందే తెలుసుకోండి.