తాళము, చెవి, సాక్షి

మా ఊరి బజారువీధిలోని కొట్లన్నింటికిని నా చిన్ననాట పలకల తలుపులే యుండెను. ఒక్కొక్క పలకకు సున్నముతో వేసిన అంకె యొకటి. ఆ అంకెల వరుసను పలకలను గడపలోని గాడియం దొకదాని ప్రక్క నొకటి నిలిపి, అన్నింటి మీదుగా ఇనుపపట్టీ నడ్డముగా దింపి, దాని కొనయందు అఱచేతి వెడల్పు తాళపుకప్పను తగిలించుటయే కొట్టు కట్టు పద్ధతి. ఒకనాటి ఉదయమున బట్టలకొట్టు శెట్టిగారు రొంటిని తడుముకొని, జేబును తడుముకొని, గుమాస్తా వంక చూడగా, గుమాస్తా తన జేబులను తిరగవేసి చూపగా, ఇరువురును కప్ప వంక చూచుచు నిలువబడిపోయిరి. తాళపుచెవి పోయినది. అవి పెండ్లిండ్ల దినములు. పొరుగూరి నుండి బండ్లు కట్టుకొని వచ్చిన పెండ్లివారు అరుగు మీద కూర్చుండియే యుండిరి. సుత్తె తెచ్చి రెండు దెబ్బలు వేసిన సరిపోవునని యొకరు, పట్టీని గునపముతో పెకలింపుడని మఱియొకరు సలహాలు చెప్పుచుండగా, శెట్టిగారు వేనికిని సమ్మతింపక తాళాల సాయిబునకు కబురంపిరి. సాయిబు వచ్చి, భుజము మీది సంచి దింపి, కప్పను తాకకమునుపే ప్రక్క కొట్టాయన వైపు తిరిగి, "ఈ కొట్టు ఈయనదేనాండీ?" అని అడిగెను. ఊరంతయు నెఱిగిన శెట్టిగారిని గూర్చి ఈ ప్రశ్న యేమని పిల్లలమందఱమును నవ్వితిమి. ఆ ప్రశ్న వెనుక నెంత చరిత్ర కలదో తెలియుటకు నాకు చాల ఏండ్లు పట్టినది.

మన ఇండ్లలో తాళముకంటె గడియ పెద్దది. గడియయు, గొళ్ళెమును, అడ్డకఱ్ఱయు లోపలనున్న వారి సాధనములు. తాళము వెలుపలికి పోవు వారి సాధనము. పదిమంది యుండు ఉమ్మడి కుటుంబములో, అరుగు మీద ముసలమ్మ యొకతె ఎల్లవేళల కూర్చుండియుండు లోగిలిలో, వీధి తలుపునకు వెలుపల తాళము పడుట యన్నది తీర్థయాత్రలకో, పుష్కరములకో ఇంటిల్లిపాదియు తరలినప్పుడే. ఇంటిలో తాళమునకు పాత్రమైనవి భోషాణమును, పచ్చళ్ళ కొట్టుగదియును మాత్రమే; వాని చెవుల గుత్తి ఎవరి రొంటిని వ్రేలాడుచుండునో ఆమెయే ఆ ఇంటికి యజమానురాలు. అత్త ఆ గుత్తిని కోడలి చేతికిచ్చిన దినము, ఆస్తి పంపకముల కాగితము వ్రాయకయే పాలనము మాఱిన దినము. రాయలసీమవారు బీగమనిరి, తక్కినవారు తాళమనిరి. కప్పకు కప్ప పేరును, దానిని తెఱచుదానికి చెవి పేరును పెట్టిన మన పూర్వుల చమత్కారము మాత్రము అంతటను నిలిచినది. రాత్రి వేళ మనిషి యుండక సొమ్ముండు చోటులు మూడే: గుడి, ఖజానా, అంగడి. తాళము చరిత్ర యనునది ఈ మూడు వాకిళ్ళ చరిత్ర.

గుడి వాకిలి సంగతి మొదట చూతము. తిరుమలలో సుప్రభాతవేళకు ముందు సన్నిధిగొల్ల దివిటీ పట్టుకొని అర్చకుల నివాసమునకు పోవును. అర్చకులు కుంచెకోలయు తాళపుచెవులును గైకొని, అతడు దారి చూపుచుండగా బంగారువాకిలి కడకు వత్తురు. కుంచెకోల యనగా వంపు తిరిగిన ఇనుప సాధనము. తాళమును తెఱచుదానికి సంస్కృతమున గల కుంచిక యను పేరు దానియందు నేటికిని వినబడుచున్నది. ఇందు గమనింపదగినది ఇనుము కాదు. చెవి పట్టినవారొకరు, వెలుగు పట్టినవాడొకడు. వారిరువురును ఏకమై వచ్చినగాని వాకిలి తెఱువబడదు. ఒంటిచేతితో తెఱువరాని తలుపే భద్రమైన తలుపని, యంత్రములు బలపడకముందే ఆచారము నిర్ణయించినది.

యంత్రము బలమెంతయో దొంగలకు బాగుగ తెలియును. శూద్రకుని మృచ్ఛకటికమునందలి శర్విలకుడు చారుదత్తుని ఇంటికి కన్నము వేయబోవుచు, కొలత్రాడు మఱచి వచ్చి, జందెముతో గోడను కొలుచును. యంత్రముతో బిగించిన తలుపును తీయుటకు సైతము ఆ జందెమే పనికివచ్చునని దాని ఉపయోగములను లెక్కపెట్టి మెచ్చుకొనును. తలుపు తీయుట యింత సులభమని యెఱిగియు ఆ చోరాగ్రేసరుడు గోడనే త్రవ్వెను. మట్టిగోడల దేశములో దొంగ తాళముతో కుస్తీ పట్టడు. మన భాషలో ఇంటిదొంగతనమునకు "కన్నము వేయుట" యని పేరు పడినది గాని, "తాళము తీయుట" యని పడలేదు. కావున ఆ కాలపు తాళము అడ్డు కాదు, ప్రకటన. ఈ సొత్తునకు యజమాని గలడని, అతడిప్పుడిక్కడ లేడని, లేకపోయినను ఇది అతనిదే యని చాటునట్టి ఇనుపమాట.

ఈ మాట చాటుటలో తాళమునకు జ్యేష్ఠసోదరి ముద్ర. కౌటిల్యుని అర్థశాస్త్రము సుంకపుచావడిని గూర్చి చెప్పుచు, ముద్ర లేని సరకునకు సుంకమునకు రెట్టింపును, కపటముద్ర వేసినదానికి సుంకమునకు ఎనిమిది రెట్లును దండముగా విధించినది. ముద్ర లేకుండుట అజాగ్రత్త కావచ్చును. దొంగముద్ర వేయుట సాక్ష్యమును చంపుట. తాళము చేతిని ఆపును. లక్కముద్ర యెవరినీ ఆపదు, కాని యెవరు ముట్టిరో చెప్పును. ఇంగ్లీషువారి కాలపు జిల్లా ఖజానాలు ఈ రెండు గుణములను ఒక్కచోట చేర్చినవి. ఖజానా గదికి రెండు తాళములు. ఒకదాని చెవి అధికారి వద్ద, రెండవదాని చెవి కోశాధ్యక్షుని వద్ద. ఒకరు లేనిదే మఱియొకరు లోపల అడుగు పెట్టలేరు. చెవి పోయిన దినమునకై మాఱుచెవులను ముందుగనే ముద్ర వేసి వేఱొక ఖజానాలో దాచియుంచు నియమమును గలదు. తాళము వేయునప్పుడే చెవి పోవుటను గూర్చి ఆలోచించిన దొరతనము ఆ విషయమున మన శెట్టిగారికంటె తెలివైనదని యొప్పుకొనక తప్పదు.

ఇక యంత్రము కథ. పూర్వపు కప్పలలో చెవిదారికి అడ్డముగా కొన్ని ఇనుపరేకులుండెడివి; ఆ రేకులకు తగులకుండ గంట్లు కోసిన చెవి యేదైనను అందు తిరుగును. కావుననే ఒక ఇంటి చెవి మఱియొక ఇంటి కప్పకు పట్టుట యంత సామాన్యమై యుండెను. 1778లో ఇంగ్లండున రాబర్ట్ బారన్ అనునాతడు, కప్పలోని మీటలు ఉండవలసిన ఎత్తునకు సరిగా లేచిననే గాని, తక్కువైనను ఎక్కువైనను తెఱచుకొనని తాళమును కల్పించెను. 1817లో పోర్ట్స్‌మత్ నౌకాకేంద్రమున దొంగచెవులతో దొంగతనము జరుగగా, మఱుసటి యేట జెరెమియా చబ్ కనిపెట్టిన తాళము ఇంకొక మెట్టు పైకెక్కినది. పరాయిచెవి దూరినచో లోపలి మీట బిగిసికొనిపోయి, యజమాని వచ్చి తన చెవి తిప్పినప్పుడు ఎవడో ప్రయత్నించెనని తెలుపును. అనగా ఇనుమే సాక్షియైనది. జోసెఫ్ బ్రామా తన తాళమును లండనులోని పికడిల్లీ వీధిలో కొట్టు అద్దము వెనుక నుంచి, తెఱచినవారికి 200 గినీలిత్తునని బల్ల కట్టెను. అరువది యేండ్లు దాని నెవరును తెఱువలేదు. 1851లో లండన్ మహాప్రదర్శనమునకు వచ్చిన అమెరికా దేశీయుడు హాబ్స్, పదునాఱు దినములలో మొత్తము 51 గంటలు కూర్చుండి దానిని తెఱచెను. మానవనిర్మితమైన తాళమేదియు మానవునకు తెఱవరానిది కాదను సత్యము ఆనాడు లండనువర్తకులకు తెలిసి, నిద్రలు చెడినవి.

మన దేశమున ఈ విద్య అలీగఢ్‌లో పాదుకొన్నది. 1870లో జాన్సన్ కంపెనీ ఇంగ్లండు తాళములను దిగుమతి చేసి అక్కడ విక్రయింపసాగెను. పిమ్మట అచటి కార్మికుల ఇండ్లలోనే కప్పలు పోతపోసి, ఆకురాయి పట్టి, చెవులు కోయు పరిశ్రమ పెరిగి, "తాళాలనగరి" యను బిరుదు దాని కబ్బినది. దక్షిణమున దిండుగల్లు తాళములు అట్టివే. వానికి 2019లో భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. 1897లో అర్దేషిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళముల నిర్మాణ మారంభించెను. ఆ ఇంటిపేరు కాలక్రమమున ఇనుపబీరువాకు మాఱుపేరై, మన పెండ్లిసారెల జాబితాలలోనికి సైతము ప్రవేశించినది.

తాళములు పెరిగినకొలదియు చెవులు పోవుటయు పెరిగినది. దానితోడనే తాళాల సాయిబు వృత్తియు ఏర్పడినది. శెట్టిగారి కొట్టు ముందు అతడు చేసిన పని నాకు బాగుగ జ్ఞాపకము. గంట్లు కోయని మొద్దుచెవి నొకదానిని గుత్తినుండి తీసి, కిరసనాయిలు దీపపు పొగలో మసి పట్టువఱకు త్రిప్పెను. నల్లనైన దానిని కప్పలో దూర్చి మెల్లగా నొక్కి, తిరుగనిచోట ఆపి వెలికి తీసెను. మసి చెదరి ఇనుము మెఱసినచోట లోపలి రేకు తగిలినదన్నమాట. అచ్చట ఆకురాయితో రెండు రాపిళ్ళు. మరల మసి, మరల కప్ప, మరల రాపిడి. చూపునకందని దానిని వ్రేళ్ళతో చదువుచున్నట్లుండెను. అరగంట గడచినది.

ఆ అరగంటలో సాయిబు చేసిన పనికిని, శర్విలకుని పనికిని ఇనుము దృష్ట్యా భేదమేమియు లేదు. భేదమంతయు మొదట అడిగిన ప్రశ్నలోనే యున్నది. 1860 నాటి భారతశిక్షాస్మృతి 445వ సెక్షను గృహభేదనమునకు ఆఱు మార్గములు లెక్కించుచు, తాళము తీయుటను అందొకటిగా చేర్చినది. దాని ఉదాహరణములలో మొదటిది గోడకు రంధ్రము చేసి చేయి దూర్చుట. అదియే మన కన్నము. ఆ ఉదాహరణములలో ఆఱవది మఱింత విచిత్రము: యజమాని పోగొట్టుకొనిన తాళపుచెవి ఒకనికి దొరకగా, ఆ నిజమైన చెవితోనే తలుపు తీసి అక్రమముగా లోన ప్రవేశించినను అది గృహభేదనమే. చెవి చేతనున్నంత మాత్రమున హక్కు చేతనున్నట్లు కాదు. అటులనే 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు జప్తునకు పోవు అమీనాను సైతము, సూర్యాస్తమయము తరువాత సూర్యోదయమునకు ముందు నివాసగృహమున ప్రవేశింపరాదని నిషేధించినది. తలుపు తెఱచుటకు పగటివెలుగు కావలెను. సన్నిధిగొల్ల దివిటీ చెప్పు మాటయు ఇదియే.

ఈ ధర్మమునకు మన కాలమున పెద్ద పరీక్ష పూరీ జగన్నాథుని రత్నభండారమున జరిగినది. 1978 నాటి లెక్కల పిమ్మట ఏండ్ల తరబడి మూతపడియున్న ఆ భండారమును 2018 ఏప్రిల్ 4వ తేదీన పరిశీలింపబోయినవారు లోపలిగదిని వెలుపలినుండియే చూచి మరలిరి. దాని చెవులు కనబడుటలేదని పిమ్మట లోకమునకు తెలిసి పెనుదుమారము రేగినది. జూనులో కలెక్టరు కచేరీ రికార్డుగదిలో, మాఱుచెవులని వ్రాసిన కవరొకటి బయటపడినది. 2024 జూలై 14వ తేదీన తీరా ఆ చెవులతో ప్రయత్నింపగా కప్పలు తెఱచుకొనలేదు; మేజిస్ట్రేటు సమక్షమున తాళములు పగులగొట్టి లోన ప్రవేశించి, క్రొత్త తాళములు వేసిరి. ఊరి బజారులో సుత్తె యెత్తవలదన్న శెట్టిగారికిని, సుత్తె యెత్తక తప్పని ఆ అధికారులకును నియమ మొక్కటే: చెవి విఫలమైనచోట సాక్షి నిలువవలెను.

కప్పలోపల చిన్న చప్పుడైనది. చెవి ముప్పాతిక వంతు తిరిగినది. పెండ్లివారు అరుగు మీదినుండి లేచిరి. సాయిబు అంతటితో చేయి తీసివేసి, ఒక్క అడుగు వెనుకకు జరిగి, "శెట్టిగారూ, ఆ కాస్తా మీ చేత్తో తిప్పండి. బోణీ వేళ, కొట్టు తీసే చెయ్యి మీదే అవ్వాలి" అనెను. శెట్టిగారు తిప్పిరి. కొండి ఎగిరినది. మసి పట్టిన ఆ చెవిని సాయిబు గోనెపీలికతో శుభ్రముగా తుడిచి, ప్రక్క కొట్టాయన చూచుచుండగా శెట్టిగారి అఱచేతిలో పెట్టి, ఆకురాళ్ళను సంచిలో సర్దుకొనసాగెను.