పడవెక్కిన గ్రంథాలయం

1855లో బెజవాడ (నేటి విజయవాడ) దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణా డెల్టాలో కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, ఊళ్లకు దారి కూడా అయ్యాయి. వడ్ల బస్తాలైనా, ప్రయాణికులైనా పడవల్లోనే. గట్టు మీద నడుస్తూ మనుషులు తాడు పట్టి లాగితే పడవ సాగేది. లాకుల దగ్గర నీటి మట్టం సరిపడేదాకా ఆగేది. 1935 అక్టోబరులో ఆ కాలువ దారిలోకి పుస్తకాల పడవ వచ్చింది. పెదపాలేనికి చెందిన పాతూరి నాగభూషణం తన సేవాశ్రమం తరఫున పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య నడిపిన పడవ గ్రంథాలయం అది. 1907లో పుట్టిన ఆయనకు అప్పటికింకా ముప్పై నిండలేదు.

చదువును జనం దగ్గరికి ఏ సాధనంతో చేర్చాలన్నది ఈనాడు విశ్వవిద్యాలయాల్లో పరిశోధనాంశం. డెల్టాలో ఆ ప్రశ్నను ముందుగా పట్టుకున్నది పట్టాలున్న పండితులు కాదు, కుర్రవాళ్లు. వాళ్లకు అవకాశం ఊరికే రాలేదు. అందుకు తగిన వేదికలను ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా కట్టుకుంటూ వచ్చారు.

మొదటి మెట్టు సభ. 1914 ఏప్రిల్‌లో బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమయ్యారు. అధ్యక్షత చిలకమర్తి లక్ష్మీనరసింహం వహించారు. సభ వెనక తిరిగిన కాళ్లు మాత్రం అయ్యంకి వెంకటరమణయ్యవి. 1890లో పుట్టిన ఆయనకు అప్పటికి ఇరవై నాలుగు కూడా నిండలేదు. ఊరూరా విడివిడిగా పుస్తకాలు పోగుచేస్తున్నవాళ్లు ఒకరినొకరు కలుసుకుని, సంఘంగా ఏర్పడ్డారు.

రెండో మెట్టు పత్రిక. ‘గ్రంథాలయ సర్వస్వం’ వచ్చాక, ఒక ఊళ్లో చేసిన పని మరో ఊరికి తెలిసే వీలు కలిగింది. మూడోది శిక్షణ. బరోడా సంస్థానం 1910లో అమెరికా నుంచి విలియం బోర్డెన్‌ను రప్పించి గ్రంథాలయ వ్యవస్థను నిర్మించుకుంది. దాని వెనక మహారాజు ఖజానా ఉంది. ఆంధ్రలో ఖజానా లేదు. అయినా 1920లోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం గ్రంథపాలకులకు తరగతులు నడిపింది. అంతకు ముందే, 1919 నవంబరు 14న, మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరగడానికి అయ్యంకి చొరవే కారణం. ఇప్పటి గ్రంథాలయ వారోత్సవాలు ఆ తేదీనే మొదలవుతాయి.

ఈ మెట్లన్నీ ఉన్నాయి కాబట్టే పాతూరి వంటి యువకుడికి పడవతో ప్రయోగం చేసే ధైర్యం వచ్చింది. పెద్దల అండ కూడా దొరికింది. బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాసినందుకు 1908లో జైలుకెళ్లిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు, ఆ తర్వాతి జీవితాన్ని గ్రంథాలయాలకు, వయోజన విద్యకు ధారపోశారు. విజయవాడలోని సర్వోత్తమ భవన్ ఆయన పేరు మీదే ఉంది.

సాధనాలు మారుతూ వచ్చాయి. 1948 డిసెంబరు 1న విజయవాడలో రేడియో కేంద్రం మొదలైంది. చదవడం రానివారికి కూడా చెవి ద్వారా విషయం చేరే మార్గం దొరికింది. 2008లో నూజివీడు ట్రిపుల్ ఐటీ వచ్చింది. పదో తరగతి పూర్తయిన గ్రామీణ విద్యార్థులను ఆరేళ్ల చదువుకు తీసుకుని, చేతికి లాప్‌టాప్ ఇచ్చి పాఠాలు చెప్పారు. దాని మాతృసంస్థ రాజీవ్‌గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్, ట్యూరింగ్ అవార్డు పొందిన రాజ్‌రెడ్డి.

పల్లె బడిలో చదివి, తెర మీద పాఠం విని ఎదిగిన ఆ పిల్లలకు, తెలుగు మాధ్యమం నుంచి ఒక్కసారిగా ఇంగ్లీషు వీడియో పాఠంలోకి దూకినవాడు ఎక్కడ ఆగిపోతాడో అనుభవంతో తెలుసు. చదువును చేర్చే సాధనాలపై కొత్తగా పరిశోధనకు దిగేవారికి అంతకన్నా మంచి పెట్టుబడి లేదు. వాళ్లకోసం విజయవాడ విద్యాసంస్థలు చేయదగినవి మూడున్నాయి: ఏటా ఒక సభ, తెలుగులో ఒక పత్రిక, ప్రయోగాలకు తలుపు తీసే పల్లె బడులు. మొదటి రెండూ ఇదే ఊళ్లో నూరేళ్ల కిందట కుర్రవాళ్లు నెలకొల్పినవే.