మృతులు సాక్ష్యమిచ్చిన నవల

అమెరికా చరిత్రను మన పాఠకులు ప్రాయికముగా అధ్యక్షుల పేర్లను బట్టియు, యుద్ధముల తేదీలను బట్టియు ఎఱుగుదురు. లింకను బానిసత్వమును రూపుమాపెననియు, మార్టిన్ లూథర్ కింగు సమానత్వమునకై పోరాడి ప్రాణములర్పించెననియు బడిపుస్తకములయందే చదువుకొంటిమి. ఆ రెండు ఘట్టముల నడుమనున్న నూఱేండ్లను ఒక నల్లజాతి కుటుంబము ఏ విధమున భరించెనో తెలియగోరువారికి, ఫ్లోరిడాలో చిరకాలముగా కాపురమున్న నేను చరిత్రగ్రంథమునకు మాఱుగా ఒక దయ్యముల నవలను సూచించెదను. 2023లో వెలువడిన ఆ నవల పేరు ‘ది రిఫార్మేటరీ’. రచయిత్రి టనానరీవ్ డ్యూ.

దయ్యముల నవల యనగానే మనకు చేతబడులును, ‘తులసిదళం’ వంటి ధారావాహికల ఉత్కంఠయు జ్ఞప్తికి వచ్చును. రాత్రి చదివి తెల్లవాఱగానే మఱచిపోదగిన వినోదమని పెద్దలు దానిని చులకన చేయుటయు కద్దు. ఆ దృష్టితో చూచినచో డ్యూ రచనలలోని ప్రధానాంశము చేజాఱిపోవును. ఈమె కథలయందు దయ్యముకంటె న్యాయస్థానమే యెక్కువ భయము గొల్పును.

ఈమె 1966లో ఫ్లోరిడా రాజధానియైన టాలహాసీలో జన్మించెను. తండ్రి జాన్ డ్యూ పౌరహక్కుల న్యాయవాది. తల్లి పెట్రీషియా స్టీవెన్స్ డ్యూ విద్యార్థినిగా నుండగా, 1960 ఫిబ్రవరి 20న, తోడివారితో గూడి ఊల్‌వర్త్ అంగడిలో తెల్లవారికి మాత్రమే వడ్డించు ఫలహారపు బల్లయొద్ద కూర్చుండి, నిర్బంధింపబడి, జుల్మానా కట్టి ఇల్లు చేరుటకు వీలున్నను నిరాకరించి, 49 దినములు చెఱసాలలో గడపెను. ఉప్పుసత్యాగ్రహము నాటి జైలుయాత్రలను గూర్చి విన్న తెలుగువారికి ఈ నిరాకరణము క్రొత్త కాదు. ఆ యువతికి శిక్షణమిచ్చిన, జాతుల సమానత్వమునకై పాటుపడిన ‘కోర్’ సంస్థ గాంధీమార్గమునే ప్రమాణముగా గైకొన్నది. అదే యేట ఒక ఊరేగింపులో పోలీసు ఒకడు బాష్పవాయువును ముఖముమీదనే ప్రయోగింపగా కన్నులు దెబ్బతిని, వెలుతురు సహింపలేక, 2012లో గతించువఱకును ఆమె ఇంటిలోపల సైతము నల్లకళ్లద్దములు ధరింపవలసివచ్చెను. మనవారి రాకకు ద్వారము తెఱచిన 1965 నాటి వలసచట్టము, ఇట్టివారి త్యాగముచే సిద్ధించిన పౌరహక్కుల శాసనముల వెనువెంటనే వచ్చినదను సంగతి, ఇచట స్థిరపడిన మన కుటుంబములలో తఱచుగా చెప్పుకొనవలసినది.

ఆ తల్లికి భయానక చలనచిత్రములన్న మిక్కిలి మక్కువ. వీథిలో అనుభవించిన భీతిని తెరమీది భూతముపైకి మళ్లించి ఆమె కొంత ఊరట పొందెడిదని కూతురి అభిప్రాయము. ఆ అభిరుచితోనే పెరిగి, పత్రికారచన నభ్యసించి, ‘మయామీ హెరాల్డ్’లో పనిచేయుచు, కూతురు 1995లో ‘ది బిట్వీన్’ అను తొలి నవలను ప్రకటించెను. తరువాతి నవలలను, బహుమతులను ఇచట ఏకరువు పెట్టను. ‘ది రిఫార్మేటరీ’కి బ్రామ్ స్టోకర్ పురస్కారమును, వరల్డ్ ఫాంటసీ పురస్కారమును లభించినవని మాత్రము చెప్పి అసలు విషయమునకు వచ్చెదను.

ఫ్లోరిడా వాయవ్యభాగమున మరియానా అను చిన్న పట్టణము కలదు. దారితప్పిన బాలురను దిద్దుటకని ప్రభుత్వము 1900లో అచట నెలకొల్పిన పాఠశాల, తరువాతి కాలమున డోజియర్ పేర ప్రసిద్ధికెక్కి, 2011 వఱకు నడచినది. బడి యెగవేసిన పిల్లలను, అనాథలను సైతము అందుంచిరి. 1968 వఱకు తెల్లవారి పిల్లలకొక భాగము, నల్లవారి పిల్లలకొక భాగము. ఆవరణలో ‘వైట్ హౌస్’ అని బాలురు పిలుచుకొన్న కాంక్రీటు కొట్టములో తోలుపట్టెతో కొట్టెడివారు. కేకలు వెలికి వినబడకుండుటకు పెద్ద పంకాను త్రిప్పెడివారు. శ్మశానములో గొట్టములతో చేసిన 31 తెల్లని శిలువలుండగా, దక్షిణ ఫ్లోరిడా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎరిన్ కిమ్మర్లీ బృందము త్రవ్వి చూడగా, శిలువలున్న తావుననే గాక చెట్ల నడుమను, పొదల మాటునను చెల్లాచెదరుగా 55 సమాధులు బయల్పడినవి. శవపేటికల మేకులు, చొక్కా గుండీలు దొరకినవి. ఒక బాలుని జేబులో ఆడుకొను గోళీ యొకటి దొరకినది.

తల్లి మరణించిన కొలదికాలమునకే డ్యూకు ఒక వార్త అందెను: తల్లివైపు బంధువు, తనకు తాతవరుసయైన రాబర్ట్ స్టీవెన్స్ అను బాలుడు 1937లో, పదునైదేండ్ల వయస్సున, అచటనే మరణించి పూడ్చబడియుండెనని. ఇంట ఎవ్వరును అతని పేరెత్తియుండలేదు. 2013లో వృద్ధుడైన తండ్రిని వెంటబెట్టుకొని ఆమె మరియానాకు పోయి ఆ త్రవ్వకములను చూచెను.

నవలలో కాలము 1950. ఊరు గ్రేస్‌టౌన్ అను కల్పిత గ్రామము. నాయకునకు ఆ బంధువు పేరే పెట్టినది. పండ్రెండేండ్ల రాబర్ట్, తన అక్కను వేధించిన తెల్ల భూస్వామి కొడుకును కాలితో తన్నినందుకు ఆఱునెలల శిక్షకు గుఱియగును. వానికి మృతులు కనబడుదురు. అది తెలిసిన అధికారి, తాను చంపించిన పిల్లల ఆత్మలు తన్ను వీడిపోవునట్లు వానిచేతనే పట్టించజూచును. ఈ కల్పనలోని లోతు నన్ను మిక్కిలి ఆకర్షించినది: హంతకునకు మృతులవలన భయము లేదు, వారు నోరువిప్పి చెప్పబోవు సాక్ష్యమువలననే భయము. రిజిస్టరులలో వ్రాయని సంగతులు దయ్యములకు తెలియును. అయినను దయ్యములు వచ్చు ఘట్టములకంటె, అక్క గ్లోరియా తమ్ముని విడిపించుటకై వకీళ్లను, అధికారులను వేడుచు తిరుగు అధ్యాయములే ఉత్తమములని నా యెన్నిక. కథ మందగించినదని కొందఱనవచ్చును గాని, చట్టము ఎంత మర్యాదగా తలుపు మూయునో అంత స్పష్టముగ చూపిన పుటలను నేను వేఱొక నవలలో చదువలేదు.

డోజియర్ పాఠశాలలో జరిగిన దానికై 2017లో ఫ్లోరిడా శాసనసభ క్షమాపణము ప్రకటించినది. 2024లో, 1940 మొదలు 1975 వఱకు అచట హింసకు లోనైనవారికి పంచుటకు రెండు కోట్ల డాలర్లు కేటాయించినది. 1937లో మరణించిన రాబర్ట్ స్టీవెన్స్ కాలము ఆ గడువులోనికి రాదు.